నొక్కితే నమ్మాలి

ఫిబ్రవరి 2

పిన్నికి,

ఫోన్లో నేను "ఊఁ" తప్ప ఇంకేమీ అననని కోప్పడ్డావుగా, అందుకని కాగితం తీశాను. స్కూల్లో సిస్టర్లు నేర్పినట్టు మార్జిన్ కూడా గీశాను. ఇక్కడైతే నాకు మాటలొస్తాయి.

ముందు నా కొత్త ఉద్యోగం గురించి. నవ్వకు. రోజంతా నిద్రపోతున్నవాళ్లతో మాట్లాడటమే నా పని. పెద్ద ఆపరేషన్లలో మనిషికి మత్తు పూర్తిగా పట్టిందో లేదో తెలుసుకోవడానికి మా ఆసుపత్రిలో పరిశోధన జరుగుతోంది. మత్తు ఇచ్చాక ఒళ్లు కదలకుండా ఇంకో మందిస్తారు. అది పడ్డాక ఒకవేళ మెలకువ వచ్చినా మనిషి వేలు కూడా కదపలేడు. అందుకని ఆ మందు ఇచ్చే ముందే ఒక చేతికి బీపీ పట్టీ లాంటిది బిగిస్తాం. మందు ఆ చేతిలోకి వెళ్లదు. ఒళ్లంతా ఆగిపోయినా ఆ ఒక్క చెయ్యి కదలగలదు. నేను ఆ చెయ్యి పట్టుకుని, నిమిషానికోసారి చెవి దగ్గర వంగి, "వినిపిస్తుంటే నా చెయ్యి నొక్కండి" అంటాను. ఇంతవరకు ఎవరూ నొక్కలేదు. నిద్రపోయేవాళ్ల ముందు నాకు సిగ్గు లేదని తెలిసింది.

సగం మందికే పట్టీ కడతాం. మిగతా సగానికి మామూలుగా చేస్తారు, తేడా చూడటానికి. లేచాక అందరినీ మూడు ప్రశ్నలడుగుతాను. నిద్రపోయే ముందు చివరగా గుర్తున్నదేమిటి? లేచాక మొదట గుర్తున్నదేమిటి? మధ్యలో ఏమైనా గుర్తుందా, కల వచ్చిందా? మర్నాడు, మూడోరోజు, ముప్పయ్యోరోజు ఇవే ప్రశ్నలు. కాగితం మీదున్న మాటలే చదవాలి. ఒక్క మాట కలపకూడదు.

మొన్న ఒక బస్సు డ్రైవరుగారు, పట్టీ కట్టని గుంపులో ఆయన, మూడో ప్రశ్నకి "లైటు ఇటు తిప్పమని ఎవరో అన్నారండీ" అన్నారు. పెద్ద డాక్టరుగారిని అడిగాను. "థియేటర్లో లైటుంటుందని ఎవరికి తెలీదమ్మా? కల అని గుర్తు పెట్టు" అన్నారు. పెట్టాను. కలలో కూడా లైటు తిప్పుకునే డ్రైవరు!

నీ కడుపులో గడ్డ సంగతి అమ్మ చెప్పింది. మార్చి సగం దాటనివ్వద్దని డాక్టరు అన్నాడట కదా. తేదీ తీసుకున్నావా? మత్తు గురించి భయపడకు. దీపం ఆర్పినట్టు, మళ్లీ వెలిగించినట్టు, అంతే.

నీ అక్క కూతురు


ఫిబ్రవరి 8

ఒసే పిట్టా,

నీకు నోరు రావాలంటే ఎదుటివాళ్లు మత్తులో ఉండాలన్నమాట. ముందే తెలిస్తే నీకు పెళ్లిచూపులు ఆసుపత్రిలోనే పెట్టించేదాన్ని.

గడ్డ ఎక్కడికీ పారిపోదు. నాకు ఊపిరాడటం లేదు. స్కూలు యూనిఫాంలు నూటనలభై గౌన్లు కత్తిరించి ఉన్నాయి. కాజాలు తీసే మిషన్ మొరాయించింది. దుకాణంలో ఉన్న ఇద్దరిలో పెద్దదానికి మోకాలు నొప్పి, చిన్నదానికి మనసు నొప్పి. ఎవరితోనో మాటపట్టింపులే. ఇవన్నీ తెమిలాక చూద్దాం. నా కడుపు, నా గడ్డ. దానికీ నాకూ పడుతుందిలే.

దీపం ఆర్పినట్టు అని రాశావు. బావుంది.

ఒకటడుగుతాను చెప్పు. ఆ డ్రైవరు కల అన్నాడా, మీరన్నారా?

పిన్ని


ఫిబ్రవరి 13

పిన్నికి,

ఆయన కల అనలేదు. కానీ నిబంధన ప్రకారం అది కల కిందకే వస్తుంది. ఖచ్చితమైన రుజువు లేకపోతే మెలకువ అని రాయకూడదు. నేను సరిగ్గానే రాశాను.

గౌన్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? నాలుగు నెలలుగా నెత్తురు పోతోందని ఎవరికీ చెప్పలేదట. నాకైనా రాయలేదు. ఇది చాలా తప్పు. నీకు పని ఒక సాకు.

అందుకని నేనే మా ఆసుపత్రిలో సర్జన్ గారిని అడిగాను. నీ రిపోర్టులు అమ్మ పంపింది. మార్చి ఆరున ఖాళీ ఉందన్నారు. పేరు రాయించాను. గది నా బసకి దగ్గరే. మత్తు మా డాక్టర్లే ఇస్తారు. మధ్యలో మెలకువ రావడమన్నది వేలల్లో ఒకరికి. ఆ ఒక్కరూ నువ్వే అవుతావా?

గౌన్లు వేరే దుకాణానికి ఇచ్చెయ్యి. పంతం వద్దు.

నీ అక్క కూతురు


ఫిబ్రవరి 19

పిట్టా,

నా ఒంటికి నువ్వూ మీ అమ్మా కలిసి ముహూర్తం పెట్టారా? రిపోర్టులు నా బీరువాలోంచి తీసి పంపడం మీ అమ్మకి తగిన పనే. నీకు తగదు.

పరిశోధనకి మనుషులు చాలడం లేదేమో, పిన్ని దొరికింది. నా చెయ్యి పట్టుకుని నువ్వు కాగితం నింపుకుంటావు. లేచాక నేనేం చెప్పినా, పై నుంచి ఎవరో ఒకరు కల అంటారు, నువ్వు గుర్తు పెడతావు. నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. అందంగానే పెడతావు.

నేను రావడం లేదు. ఆరో తేదీ ఇంకెవరికైనా ఇప్పించు. గడ్డతో పోయినవాళ్లు లోకంలో నేనే మొదటిదాన్ని కాదు.

ఆ ఒక్కరూ నువ్వే అవుతావా అని రాశావు. నీ పుస్తకాల్లో ఆ ఒకరికి ఏమవుతుందో కూడా రాసుంటుంది. చదువుకో.

ఉంటాను.


ఫిబ్రవరి 24

పిన్నీ,

నీ ఉత్తరం మూడురోజులు సంచిలో పెట్టుకు తిరిగాను. నిన్ను పరిశోధనలో చేర్చాలన్న ఆలోచనే నాకు లేదు. ఆ మాట ఒట్టేసి చెప్పి, ఏడ్చి, ఊరుకుందామనుకున్నాను. ఇంతలో డ్రైవరుగారి ముప్పయ్యోరోజు వచ్చింది.

ఆయన ఆసుపత్రికి రానన్నారు. బస్సు డిపో క్యాంటీన్‌కి వెళ్లాను. టీ తెప్పించారు, తాగలేదు. కాగితం తీసి మూడు ప్రశ్నలూ చదివాను. మూడోదానికి, "కలండీ" అన్నారు. రాసుకుని లేచాను. అప్పుడు ఆయన, "మీరు అలా రాసుకున్నారు కదండీ, నేనూ అలాగే అనడం మంచిదని మా ఆవిడ అంది" అన్నారు.

మళ్లీ కూర్చున్నాను. కాగితం మీద లేని ప్రశ్న అడిగాను. "ఆ రోజు ఇంకేం విన్నారు?"

"లైటు ఇటు తిప్పండి, నా కళ్లద్దాల మీద పడుతోంది అన్నాడండీ డాక్టరు. తిప్పితే కిందికి జారిపోయింది. గుడ్డతో కట్టారు. నా కడుపు చీరుతూ లైటు గురించి దెబ్బలాడుకున్నారండీ. ఇప్పుడు బస్సు సీట్లో బెల్టు పెట్టుకుంటే ఊపిరాడదు. డిపోలో టికెట్లు లెక్కపెట్టే పనికి మార్చారు."

తిరిగొచ్చి థియేటర్ నర్సునడిగాను. ఆ లైటు మర ఊడింది ఆ ఒక్కరోజే. గుడ్డతో కట్టింది ఆవిడే. పిన్నీ, అది కల కాదు. కల అన్నది నా చేతి రాత.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పుడు నేను మీ ఇంట్లో నిద్రపోతే, పెద్దవాళ్లెవరైనా నా మంచం దగ్గర మాట్లాడితే నువ్వు కొట్టినంత పని చేసేదానివి. "నిద్రపోయినవాళ్ల మీదుగా మాట్లాడకండి, వాళ్లు వింటారు" అనేదానివి. అందరూ నవ్వేవారు. నువ్వెప్పుడూ వెల్లకిలా పడుకోవు. నేను పుట్టకముందో, పుట్టినప్పుడో నీకొక ఆపరేషన్ అయిందని తెలుసు. ఎవరూ దాని గురించి మాట్లాడరు.

కింద మూడు ప్రశ్నలు రాసి, చోటు వదిలాను. నా ఫారం కాదిది. ఉత్తి కాగితం. నువ్వేం రాసినా దాని మీద నేను ఏ గుర్తూ పెట్టను.


మార్చి 1

పిట్టా,

ఒకటోది. చివరగా గుర్తున్నది, ముక్కు మీద రబ్బరు వాసన.

రెండోది. మొదట గుర్తున్నది, మీ అమ్మ మొహం.

మూడోది రాయడానికి దుకాణం మూసేసి కూర్చున్నాను.

ఇరవై ఒక్కేళ్ల కిందట, పిత్తాశయం తీశారు. అప్పుడు పొడుగ్గా కోసేవారు. కత్తి పెట్టడానికి ముందే తెలివొచ్చింది. కళ్లు తెరుచుకోలేదు. అరుద్దామంటే గొంతులో గొట్టం. ఒక్క వేలు కదిలితే చాలనుకున్నాను, కత్తెరలో పెట్టే బొటనవేలు. నా బలమంతా దానికే పంపాను. కదల్లేదు. నొప్పి సంగతి రాయను. నీ వయసుకి అనవసరం.

చేయడానికి ఇంకేం లేదు కాబట్టి కుట్లు లెక్కపెట్టాను. నాకు వచ్చిన పని అదొక్కటే. లోపలి పొరకి పదకొండు. ఎనిమిదోది వేస్తుంటే దారం తెగింది. "ఈ దారం పనికిరాదు, ఇంకోటివ్వు" అన్నాడు. విప్పి మళ్లీ వేశాడు. పై పొరకి పద్దెనిమిది. చివర్లో చెయ్యి తొందరపడింది, దూరం దూరంగా వేశాడు. వారం తర్వాత నర్సు కుట్లు విప్పుతూ పైకి లెక్కపెట్టింది. పద్దెనిమిది. చివరి నాలుగూ ఎడంగానే ఉన్నాయి.

డాక్టరుకి చెప్పాను. "కలమ్మా, ఆ మందుకి అలాంటివే వస్తాయి" అన్నాడు. పద్దెనిమిది అన్నాను. నవ్వాడు. మీ అమ్మ పక్కనే ఉంది. "కలేలే, ఎవరితో అనకు, మతి చెడిందంటారు" అంది. నా మంచికే అంది. అప్పటినుంచి నేనూ కల అనే అన్నాను. నిన్నటిదాకా.

గౌన్లు ఎప్పుడో పూర్తయ్యాయి. కాజా మిషన్ బాగానే ఉంది.

నాకు చావంటే భయం లేదే. ఆ బల్లంటే భయం.

పిన్ని


మార్చి 5

పిన్నీ,

నా మొదటి ఉత్తరం మళ్లీ చదువుకున్నాను. దీపం ఆర్పినట్టు అని రాసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

నిన్న మా సమావేశంలో మాట్లాడాను. అవును, నేనే. తొమ్మిదిమంది మెలకువగా ఉన్నారు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. డ్రైవరుగారి లైటు సంగతి చెప్పాను. నీ పేరు చెప్పకుండా నీ పద్దెనిమిది కుట్ల సంగతి చెప్పాను. పెద్ద డాక్టరుగారు చివరిదాకా విన్నారు. తర్వాత డ్రైవరుగారి ఫారం తెమ్మన్నారు. మా పనిలో తప్పు రాస్తే చెరపకూడదు. ఒకే ఒక గీత కొట్టి, పాత మాట కనిపించేలా ఉంచి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. నేను గీత కొట్టాను. ఆయన నా సంతకం కింద తనది పెట్టారు. "కల అని చెప్పింది నేను కదా" అన్నారు.

ఇప్పుడు నీ మాట. గడువు పదిహేనుతో అయిపోతుంది. ఒక్కరోజు దాటినా పరవాలేదని సర్జన్ గారు అన్నారు, పదహారున నీకోసం ఒక బల్ల అడిగి ఉంచాను, నీ పేరు రాయించలేదు. నువ్వు ఒప్పుకుంటేనే రాస్తారు. వస్తే చేతికి పట్టీ కడతారు. నుదుటికి ఇంకో పట్టీ అంటిస్తారు, అది మెదడు ఎంత నిద్రలో ఉందో తెర మీద అంకె చూపిస్తుంది. పెద్ద డాక్టరుగారే మత్తిస్తారు.

నీ చెయ్యి నేను పట్టుకోవడానికి లేదు. సొంతవాళ్లు లోపలికి రాకూడదు. ఆ పని మా టెక్నీషియన్ చేస్తాడు. అతన్ని అందరూ రేడియో అంటారు, వాగుడు ఆగదు. మంచివాడు.

పిన్నీ, రా.


మార్చి 9

పిట్టా,

తొమ్మిదిమంది ముందు మాట్లాడావా! ఇంకేం, నేను బతకాల్సిందే, అది నా కళ్లతో చూడలేదు.

మూడు షరతులు. పట్టీ కుడిచేతికే, కత్తెర చెయ్యి. రేడియో నా చెయ్యి వదలకూడదు, దగ్గొచ్చినా సరే.

మూడోది పెద్దది. ఆ తెర మీద అంకె నిద్రపోతోందని చెప్పి, నా చెయ్యి లేదని చెప్తే, ఎవరి మాట వింటారు? నొక్కితే నమ్మాలి. తర్వాత వాదించుకోవచ్చు. ముందు నమ్మాలి. మీ పెద్ద డాక్టరు చేత ఆ ముక్క కాగితం మీద రాయించి పంపు.

అది వస్తే నేనూ వస్తాను. మీ పరిశోధనలో కూడా రాసుకో. ఎలాగూ పడుకుంటున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

పిన్ని


మార్చి 11

పిన్నీ,

కాగితం ఇందులో ఉంది. ఆయన చేతి రాత కోడి కెలికినట్టుంటుంది కాబట్టి నేను చదివి చెప్తున్నాను. "అంకె ఏదైనా, చెయ్యి నొక్కితే అది మెలకువే అనుకుని వెంటనే మందు పెంచుతాను." కింద సంతకం.

ఫారాల మీద పేర్లుండవు. నీ అంకె నలభై ఒకటి.


ఏప్రిల్ 3

పిట్టా,

ఇంటికొచ్చి వారమైంది. గంజి తాగి గంజిలాగే ఉన్నాను. అయినా నీకు రాయాల్సొస్తోంది.

ఆసుపత్రిలో ఉన్న పదిరోజులూ నువ్వు నా మొహం చూడలేదు. దిండు సర్దావు, నీళ్లిచ్చావు, "ఎలా జరిగిందే?" అంటే బయటికి పారిపోయావు. మూడు ప్రశ్నలూ వేరే అమ్మాయి వచ్చి అడిగింది. ఏమీ గుర్తులేదని చెప్పాను, నిజంగానే లేదు. ఆ పిల్ల నీ వైపు చూసింది, నువ్వు కిటికీ వైపు చూశావు. రేడియో అట, నన్ను చూసి మాట పడిపోయినవాడిలా తలొంచుకు వెళ్లాడు.

గడ్డ పాకిందా? మొత్తం తీయలేకపోయారా? మీ అమ్మకి చెప్పి నాకు దాచారా? ఇదివరకు ఒకసారి నా ఒంట్లో జరిగింది నాకు చెప్పకుండా మీరంతా తేల్చేశారు. మళ్లీ అదే చేస్తే నిన్ను క్షమించను.

పిన్ని


ఏప్రిల్ 6

పిన్నీ,

గడ్డ పూర్తిగా వచ్చేసింది. అంచులు శుభ్రంగా ఉన్నాయి. రిపోర్టు నకలు పెట్టాను, నీ కళ్లతో చూసుకో.

దాస్తున్నది ఇంకొకటి ఉంది. అబద్ధం చెప్పను, ఉంది. ముప్పయ్యోరోజు ప్రశ్నలయ్యేదాకా నేను చెప్పకూడదు. ముందే చెబితే నీకు గుర్తున్నదేదో, నేను గుర్తు చేసిందేదో తేలదు. డ్రైవరుగారికి నేను చేసింది అదే. ఇంకోసారి నా మాట నీ నోట్లో పెట్టలేను. నేను పారిపోయింది అందుకే. నా మొహం ఏదీ దాచలేదని నీకు తెలుసు.

పదిహేనో తేదీన ఫారం పోస్టులో అందుతుంది. నింపి పంపు. అది నాకు అందిన రోజే రాస్తాను. అంతదాకా తిట్టుకో.


ఏప్రిల్ 19

పిన్నీ,

నీ ఫారం ఇవాళ పొద్దున అందింది. మధ్యలో ఏమైనా గుర్తుందా అన్నచోట "లేదు" అని రాశావు. కల అన్నచోట కూడా "లేదు, ఈసారి అది కూడా లేదు" అని రాశావు. చదివి వెంటనే కాగితం తీశాను. ఇప్పుడు చెప్పొచ్చు.

నేను లోపల లేను. తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. అంతా రేడియో నింపిన కాగితంలో చూశాను. అతని మాటల్లోనే, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఒకటో నిమిషం నుంచి పదమూడో నిమిషం వరకు, నొక్కలేదు.

పధ్నాలుగో నిమిషం. కోత మొదలై రెండు నిమిషాలు. నొక్కింది. తెర మీద అంకె గాఢనిద్ర చూపుతోంది. "నొప్పిగా ఉంటే రెండుసార్లు నొక్కమ్మా" అన్నాను. రెండుసార్లు నొక్కింది.

దాని పక్కన పెద్ద డాక్టరుగారి చేతి రాత, కోడి కెలికినట్టు. "కత్తి ఆపించాను. మందు పెంచాను."

పదిహేను, నొక్కలేదు. పదహారు, నొక్కలేదు. పట్టీ వదులు చేసేదాకా మళ్లీ నొక్కలేదు.

రేడియో బయటికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. పావుగంట ఒక్క మాటా లేదు. తర్వాత తన అరచెయ్యి నాకు చూపించాడు. నీ బొటనవేలి గోరు దిగిన గుర్తు ఉంది. "మామూలు పట్టు కాదు తల్లీ" అన్నాడు.

పిన్నీ, నువ్వు పిలిచావు. గదిలో ఉన్నవాళ్లందరూ ఆగారు.

నీ పిట్ట


ఏప్రిల్ 24

పిట్టా,

మూడుసార్లు చదివాను. నాకేమీ గుర్తు రాలేదు. ఎంత వెతికినా రాలేదు. ఎవరో పొరుగావిడ గురించి రాసినట్టుంది.

కదలని వేలు ఇరవై ఒక్కేళ్లు గుర్తుంది. కదిలిన వేలు గుర్తే లేదు. పోనీలే. అది నువ్వు గుర్తుపెట్టుకో, నీకు కాగితాలు భద్రంగా దాచే అలవాటుంది.

మీ అమ్మ వచ్చింది. నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివి మడిచి, "పద్దెనిమిదేనంటావా?" అంది. అవునన్నాను. "నేనూ లెక్కపెట్టానే, అప్పుడు" అంది.

రేడియోకి చెప్పు, గోరు తీసేసుకున్నాను.

పట్టీ నా చేతి మీద ఎర్రటి చార చేసింది, వారం పోలేదు. మీరు నేరుగా చర్మం మీద బిగిస్తున్నారా ఏం? పన్నెండు తొడుగులు కుట్టి ఈ పార్శిల్లో పంపుతున్నాను. మెత్తటి నూలు. కుట్లు బయటి వైపుకి పెట్టాను, చర్మానికి తగలకుండా. తప్పుగా కుట్టానని తిరగేసేరు! పట్టీ బిగించే ముందు తొడగండి. సన్నచేతుల వాళ్లకి నాలుగు వేరే కట్ట కట్టాను.

నిన్న మధ్యాహ్నం దుకాణంలో నడుం లాగితే కత్తిరింపు బల్ల మీద వాలాను. వెల్లకిలా. ఎలా వాలానో నాకే తెలీదు. పక్కన దుకాణంలో పనిచేసే ఇద్దరూ ఒకటే కబుర్లు. చిన్నదాని మాటపట్టింపు ఇంకా తేలలేదు. నా మీదుగానే మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకోనిచ్చాను. కాసేపటికి పెద్దది గొంతు తగ్గించి, "అక్కా, నిద్రపోయావా? వినిపిస్తోందా?" అంది.

కళ్లు తెరవలేదు. కుడిచెయ్యి పైకెత్తి ఊపాను.

నలభై ఒకటి